పిచ్చుకక్క దవడ నొప్పి

భవనం కడుతున్న ఆ సైటులో అందరికంటే ఎత్తున కూర్చునే మనిషే అందరికంటే పొట్టి. అందుకే ఆమెకు పిచ్చుక అని పేరు పడింది. పెద్దవాళ్ళకు పిచ్చుక, చిన్నవాళ్ళకు పిచ్చుకక్క. జీతాల రోజున గుమాస్తా అసలు పేరుతో పిలిస్తే ఒక్కోసారి ఆమే పలికేది కాదు.

ఆమె టవర్ క్రేన్ నడుపుతుంది. పొద్దున్నే భోజనం డబ్బా, నీళ్ళ సీసా ఉన్న సంచీ వీపుకు తగిలించుకుని, క్రేన్ స్తంభం లోపలి ఇనుప నిచ్చెన పట్టుకుని పైకెక్కేది. పైన ఒక అద్దాల గది, అందులో ఒక కుర్చీ, రెండు చేతులకూ రెండు లీవర్లు. ఎడమ చేత్తో క్రేన్ చెయ్యిని తిప్పడం, కుడి చేత్తో కొక్కేన్ని దించడం, ఎత్తడం. కింద నిలబడి వాకీటాకీలో దారి చెప్పే సిగ్నల్ మనిషిని సైటంతా బాబాయి అని పిలిచేది. ఆయన కళ్ళూ ఆమె చేతులూ కలిస్తే ఎంత ఇనుమైనా పసిబిడ్డను పక్క మీద పడుకోబెట్టినంత మెత్తగా దిగేది.

ఎదురుగా ఇంకో క్రేన్ ఉండేది, ఆమె క్రేన్ కంటే ఎత్తైనది. దాన్ని నడిపే ఆయనకు ధుమధుమ అని పేరు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. రెండు క్రేన్ల చేతులూ ఒకే చోటికి వచ్చినప్పుడు ఎవరు ఆగాలి, ఎవరు ముందు కదలాలి అని రోజూ ఇద్దరికీ పేచీ. "నీ తోక పక్కకు తియ్యవమ్మా" అని ఆయన, "నీ కొమ్ము పైకెత్తవయ్యా" అని ఈమె. వాకీటాకీ ఉన్న ప్రతివాడికీ అదో కాలక్షేపం.

చలి మొదలయ్యాక ఆమెకు ఎడమ పక్క కింది దవడ పట్టడం మొదలైంది. నిచ్చెన సగం ఎక్కేసరికి దవడ ఎముకను లోపలినుంచి ఎవరో మెలిపెట్టినట్టు ఉండేది. మధ్యలో నిలబడటానికి వేసిన ఇనుప పలక మీద ఆగితే కాసేపట్లో పోయేది. మళ్ళీ ఎక్కితే మళ్ళీ వచ్చేది. పంటి నొప్పి అనుకుంది. బుగ్గన లవంగం పెట్టుకుని ఎక్కింది. ఉప్పు నీళ్ళు పుక్కిలించి ఎక్కింది. మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని కూడా ఎక్కి చూసింది. నొప్పి మాత్రం దాని వేళకు అది వచ్చేది.

"ఏం తల్లీ, మధ్యలో ఆగి ఊరు చూస్తున్నావా?" అని బాబాయి కిందనుంచి అరిచాడు ఒకరోజు.

"పన్ను పీకుతోంది బాబాయ్."

"అయితే పన్ను పీకించుకో. ఇలా ఆగుతూ ఎక్కితే మధ్యాహ్నానికి చేరతావు."

ఆ సాయంత్రమే ఆమె పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన తల నెరిసిన మనిషి, తొందర లేనివాడు. నోట్లో చిన్న అద్దం పెట్టి ఒక్కో పన్నూ తట్టి చూశాడు. ఎక్స్‌రే తీశాడు. కుర్చీ నిటారుగా లేపి, చేతి తొడుగులు తీసి, చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"నమిలేటప్పుడు నొస్తుందా?"

"లేదండి."

"చల్లనీళ్ళు తాగితే?"

"అప్పుడూ లేదండి. నిచ్చెనెక్కితే నొస్తుంది."

ఆయన నల్లా కట్టేసి ఆమె వైపు తిరిగాడు. "ఆగితే?"

"ఆగితే పోతుంది."

"నిచ్చెన ఎక్కేది కాళ్ళతో కదమ్మా. మధ్యలో పంటికేం పని?" అన్నాడు. ఆమె నవ్వింది గానీ ఆయన నవ్వలేదు. "మీ పళ్ళు రాయిలా ఉన్నాయి. ఇది గుండె నుంచి వస్తున్న నొప్పి కావచ్చు. గుండెకు చాలినంత రక్తం అందకపోతే ఆ నొప్పి ఛాతీలోనే తెలియాలని లేదు. కొందరికి దవడలో, కొందరికి భుజంలో, కొందరికి ఉత్త ఆయాసంగా తెలుస్తుంది. ఆడవాళ్ళు దీన్ని ఇంకేదో అనుకుని ఊరుకోవడం చాలాసార్లు చూశాను. ఆలస్యం చెయ్యకండి. రేపు పొద్దున్నే గుండె డాక్టరుకు చూపించుకోండి. ఈలోగా నిచ్చెన జోలికి పోవద్దు."

ఇంటికి వచ్చి భర్తకు చెప్పింది. ఆయన బేకరీలో పిండి కలిపే పనివాడు. ఎంత కడుక్కున్నా గోళ్ళ చివర తెల్లగా పిండి ఉండేది.

"రేపు సెలవు పెట్టు" అన్నాడు.

"రేపు స్లాబు పొయ్యాలి. మొదలుపెట్టి సగంలో ఆపితే కాంక్రీటులో అతుకు పడుతుంది, అక్కడే నీరు కారుతుంది. ఎల్లుండి పొద్దున్నే వెళ్దాం."

"డాక్టరు వద్దన్నాడుగా?"

"పళ్ళ డాక్టరేగా" అంది. కానీ ఆ మాట అన్నాక ఆమెకే సరిగ్గా నిద్ర పట్టలేదు.

మర్నాడు నిచ్చెన మీద ప్రతి పలక దగ్గరా ఆగి, ఊపిరి కూడదీసుకుని ఎక్కింది. పైకి చేరి కుర్చీలో కూర్చున్నాక దవడ సర్దుకుంది. హమ్మయ్య అనుకుంది. కాంక్రీటు లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. బకెట్ నింపడం, ఎత్తడం, స్లాబు మీదికి తిప్పడం, దించడం. పని జోరందుకుంది.

అలా జోరుగా సాగుతుండగా నొప్పి మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె ఎక్కడం లేదు, ఏమీ మోయడం లేదు, కుర్చీలో కూర్చునే ఉంది. మొదట దవడ పట్టింది. తర్వాత ఎవరో ఇసుక బస్తా తెచ్చి గుండెల మీద దించినట్టయింది. అంత చలిలోనూ వీపంతా చెమటతో తడిసిపోయింది. ఎడమ చెయ్యి లీవరు మీద ఉంది గానీ తనది కానట్టుగా బరువెక్కింది. ఆమెకు పళ్ళ డాక్టరు మొహం గుర్తొచ్చింది. నిండు బకెట్ మనుషుల నెత్తి మీద వేలాడుతోంది. ముందు అది దిగాలి. తన సంగతి ఆ తర్వాత.

"బాబాయ్, బకెట్ వెనక్కి తెచ్చి నేల మీద దించేస్తున్నా. కింద ఎవరూ లేకుండా చూడు."

"అదేంటి? ఇక్కడ పారలు పట్టుకుని కాచుకు కూర్చున్నారు."

"తప్పించు బాబాయ్. దించాక చెప్తా."

ఆమె గొంతులో ఏం వినిపించిందో, బాబాయి ఇంక ఎదురు ప్రశ్న వెయ్యలేదు. "అందరూ వెనక్కి!" అని కేక పెట్టాడు. ఆమె పళ్ళు బిగబట్టి క్రేన్ తిప్పింది. ఎడమ చెయ్యి సాయం రాకపోతే కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని లీవరు నెట్టింది. బకెట్ ఖాళీ నేల మీద ఆనింది. బాబాయి దాన్ని కొక్కెం నుంచి విడిపించాడు. ఆమె బ్రేకు వేసి, వాకీటాకీ నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"ఛాతీ పట్టేసింది బాబాయ్. చెమటలు పోస్తున్నాయి. ఇది పంటి నొప్పి కాదు."

"అయ్యో తల్లీ! మెల్లగా దిగి రా. ఒక్కో మెట్టూ..."

"దిగను. నిచ్చెన మీద కళ్ళు తిరిగితే నా ముక్కలు ఏరుకోవాలి. ఇక్కడే కూర్చుంటా. అంబులెన్సుకు ఫోన్ చెయ్యి. పైకి ఎవర్నైనా పంపు."

వాకీటాకీలో ఒకేసారి నలుగురు మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ గోలలోంచి ధుమధుమ గొంతు లేచింది.

"నోళ్ళు ముయ్యండి అందరూ! మనుషుల్ని ఎత్తే బుట్ట తెచ్చి నా కొక్కేనికి తగిలించండి. నర్సును ఎక్కించండి. పిచ్చుకా, నీ క్రేన్ చెయ్యి ఎటుంది?"

"తూర్పుకి."

"అక్కడే ఉంచు. వెంట్రుకంత కూడా కదలనివ్వకు. నేనొస్తున్నా."

"ఈసారికి నువ్వే ముందు" అంది ఆమె. అనేసి కళ్ళు మూసుకుంది.

సైటులో మందుల గది చూసే నర్సు అంతవరకూ కోసుకున్న వేళ్ళకూ, దుమ్ము పడిన కళ్ళకూ వైద్యం చేసినవాడే గానీ బుట్టలో ఎక్కి గాల్లో తేలినవాడు కాడు. సేఫ్టీ ఆఫీసరు తాను ముందెక్కి, అతని నడుముకు బెల్టు కట్టి లాగితే ఎక్కాడు. ధుమధుమ ఆ బుట్టను ఎత్తి, తన క్రేన్ చెయ్యిని ఆమె గది మీదుగా తెచ్చి, గుమ్మం ముందున్న ఇనుప నడవ పక్కన ఆపాడు. బుట్ట కమ్మీకి తగల్లేదు, ఊగలేదు.

నర్సు గదిలోకి దూరి అడగాల్సినవన్నీ అడిగాడు. ఏ మందైనా పడదా? కడుపులో పుండు గానీ, ఎక్కడైనా రక్తం పోవడం గానీ ఉందా? లేవంది. ఆస్పిరిన్ మాత్ర నోట్లో పెట్టి, "మింగకక్కా, నమిలెయ్. తొందరగా ఒంటికి పడుతుంది" అన్నాడు. రక్తపోటు చూశాడు. పడిపోలేదని రూఢి చేసుకుని, ఇంకో చిన్న మాత్ర నాలుక కింద పెట్టాడు. తల దిమ్మెక్కింది గానీ గుండెల మీది బస్తా కాస్త తేలికైంది. ఇద్దరూ కలిసి ఆమెను బుట్టలోకి చేర్చి, వాలుగా కూర్చోబెట్టి కట్టారు. ఎన్నేళ్ళుగానో ఎన్నో వేల బరువులు దించిన మనిషి ఆ రోజు తానే ఒక బరువై దిగింది.

అంబులెన్సులోనే ఛాతీకి తీగలు అంటించి ఈసీజీ తీశారు. ఆస్పత్రిలో మళ్ళీ తీశారు, రక్తం తీశారు. గుండె డాక్టరు నడివయసు ఆడమనిషి, మాట సూటి. అప్పుడే భర్త కూడా వచ్చాడు. ఏప్రాన్ విప్పడం కూడా మర్చిపోయాడు. పిండి మరకలతో ఆయన్ని చూసి కాపలావాడు ముందు లోపలికి రానివ్వలేదు.

"మొదటి రక్త పరీక్షలో తేడా పెద్దగా తెలియలేదు. కొన్ని గంటలాగి మళ్ళీ తీస్తే అంకె పెరిగింది. అంటే గుండె కండరానికి దెబ్బ తగిలింది" అంది డాక్టరు, మంచం అంచున నిలబడి. "మీ గుండెకు రక్తం మోసే గొట్టంలో చాలాకాలంగా కొవ్వు పేరుకుంటోంది. ఇరుకైన దారి. కూర్చున్నప్పుడు సరిపోయేది, ఎక్కినప్పుడు చాలేది కాదు. అందుకే ఎక్కితే నొప్పి, ఆగితే లేదు. ఇవాళ ఆ కొవ్వు మీది పొర చిట్లింది. దాని మీద రక్తం గడ్డ కట్టింది. అందుకే కూర్చున్నా నొప్పి వచ్చింది. దారి ఇంకా పూర్తిగా మూసుకుపోలేదు. అది మన అదృష్టం."

"ఇప్పుడేం చేస్తారు?"

"గడ్డ పెరగకుండా మందులు ఇస్తున్నాం. నొప్పి తగ్గింది కాబట్టి రేపు పొద్దున్న మణికట్టు నుంచి సన్నటి గొట్టం పంపి చూస్తాం. రాత్రి మళ్ళీ నొప్పొస్తే పొద్దుటిదాకా ఆగం, అప్పుడే తీసుకెళ్తాం. ఇరుకు ఎక్కడుందో చూసి, బెలూనుతో వెడల్పు చేసి, స్టెంటు పెడతాం."

"ఏ మణికట్టు నుంచి?"

"కుడి."

"కుడి వద్దు డాక్టరమ్మా. కొక్కెం దించేది ఆ చేత్తోనే."

"ఎడమ చేత్తో ఏం చేస్తారు?"

"క్రేన్ తిప్పుతా."

డాక్టరు భర్త వైపు చూసింది. ఆయన "నన్ను చూడకండి డాక్టరమ్మా, నా మాట ఎప్పుడైనా వింటేగా" అన్నాడు. డాక్టరుకు నవ్వాగలేదు. "కొన్నాళ్ళు బరువు ఎత్తకపోతే చాలు, మణికట్టు మామూలుగా అయిపోతుంది. క్రేన్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు గుండె."

"తర్వాత తప్పకుండా మాట్లాడుకుందాం" అంది పిచ్చుకక్క.

మర్నాడు ఆమె మెలకువగా ఉండగానే పని జరిగింది. పైన తెర మీద తన గుండె కదులుతుంటే చూసింది. నల్లటి తీగల్లా రక్తనాళాలు, వాటిలో ఒకచోట దారంలా సన్నబడిన ఇరుకు. డాక్టరు ఏదో చెప్పడం, పక్కనున్నామె సరే అనడం, ఇంకొంచెం ముందుకు, చాలు, ఆపు. ఆ మాటలు ఆమెకు కొత్తగా అనిపించలేదు. కాసేపటికి ఆ దారం నల్లగా, నిండుగా ఉబ్బింది.

ఇంటికి పంపే రోజున డాక్టరు మాత్రలన్నీ బల్ల మీద పరిచి ఒక్కోదాని పనీ చెప్పింది. ఈ రెండూ స్టెంటు మీద గడ్డ కట్టకుండా. ఇది కొవ్వు తగ్గడానికి. ఇది గుండెకు శ్రమ తగ్గించడానికి. ఈ చిన్న సీసా ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి. నొప్పొస్తే కూర్చుని నాలుక కింద ఒకటి, అయిదు నిమిషాల్లో తగ్గకపోతే అంబులెన్సు. "మొదటి రెండూ నన్నడక్కుండా ఒక్క పూట కూడా ఆపొద్దు. ఎవరు చెప్పినా సరే."

"సరే. క్రేన్?"

"మీరు మర్చిపోరా?"

"మర్చిపోను."

"అయితే వ్యాయామం హాలుకు రండి. నడవడం అక్కడినుంచి మొదలు."

ఆస్పత్రి కింది అంతస్తులో ఆ హాలు ఉండేది. వరసగా నడక మరలు, తొక్కుడు సైకిళ్ళు, గోడకు పెద్ద గడియారం. అక్కడికి వచ్చేవాళ్ళంతా ఏదో ఒకరోజు గుండె పట్టుకుని కూలబడినవాళ్ళే. మొదటివారం ఆమె నడక చూసి ఆమెకే సిగ్గేసింది. నిచ్చెనలెక్కిన కాళ్ళు చదును నేల మీద తడబడేవి. కొంచెం ఆయాసమొచ్చినా చెయ్యి దవడ మీదికి పోయేది. నొప్పి ఉండేది కాదు, భయం ఉండేది. ఆ భయాన్ని ఎవరికీ చెప్పకుండా రోజూ కాస్త ఎక్కువ నడిచింది.

తీగలు అంటించి మర మీద పరుగెత్తించే పరీక్షలో మొదటిసారి తప్పింది. ఈసీజీ గీతల్లో తేడా ఏమీ రాలేదు, ఆమే మధ్యలో కమ్మీ పట్టుకుని ఆపేసింది. ఒంట్లో సత్తువ లేదు. పొద్దున ఆ గుండెకు శ్రమ తగ్గించే మాత్ర వేసుకున్నప్పటినుంచీ మధ్యాహ్నందాకా తడిగుడ్డలా ఉంటోంది.

"ఆ ఒక్కటీ నాలుగు రోజులు మానేసి చూడు, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు భర్త, జాలి కొద్దీ.

"నా గుండెకు తెలుస్తుంది" అని ఆమె చెప్పులు తొడుక్కుంది. "అడిగొద్దాం పద."

డాక్టరు ముందు కూర్చుని, "ఈ మాత్ర నన్ను ముసలిదాన్ని చేసేసింది. మానెయ్యలేదు, అడగడానికి వచ్చా" అంది. డాక్టరు నాడి చూసి, ఈసీజీ చూసి, మోతాదు సగానికి తగ్గించింది. కొద్దిరోజుల్లో మనిషి తేలికపడింది. చలి పోయి ఎండలు వచ్చాక రెండోసారి పరీక్ష. మర ఎత్తు పెంచుతున్నకొద్దీ ఆమె ముందుకు వంగి నడిచింది. ఆయాసం వచ్చింది, చెమట పట్టింది, దవడ పలకలేదు. "చాలమ్మా, దిగండి" అని వాళ్ళే ఆపారు.

సైటు మేనేజరు మంచి మనిషే. ఆమె కోసం సామాన్ల గదిలో కుర్చీ, ఫ్యాను వేయించి ఉంచాడు. "హాయిగా నీడపట్టున కూర్చో పిచ్చుకా."

"సామాన్ల గది తాళాలు తియ్యడానికా సార్ నేను మర మీద అంత పరుగెత్తింది?"

కంపెనీ డాక్టరు కాగితాలన్నీ చూశాడు. గుండె డాక్టరుతో ఫోన్లో మాట్లాడాడు. క్రేన్ నడపొచ్చు, కానీ రోజూ అంత నిచ్చెన ఎక్కకూడదు అని తేల్చాడు.

"ఎక్కకుండా పైన ఎలా కూర్చుంటావు? పేరుకు తగ్గట్టు ఎగురుతావా?" అన్నాడు మేనేజరు.

"స్తంభానికి తగిలించే లిఫ్టులు ఉన్నాయిగా సార్. వచ్చే సైటుకు తెస్తున్న కొత్త క్రేన్ ఇంకా ఎత్తట. దానికి పెట్టించండి."

మేనేజరు పైవాళ్ళను అడగాలన్నాడు, చూద్దామన్నాడు. ఆమె మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ మర్నాడు కూడా. నాలుగోసారి వెళ్ళేసరికి గదిలో ధుమధుమ ఉన్నాడు, చేతులు కట్టుకుని, ఎప్పటి మొహమే.

"ఆ రోజు ఈవిడను దించడానికి నా క్రేన్ ఉంది" అంటున్నాడు మేనేజరుతో. "రేపు నాకే అలాగైతే? ఈవిడ క్రేన్ పొట్టిది, నా గదిదాకా అందదు. పైనే పోనా? లిఫ్టు రెంటికీ కావాలి. ఏదో ఒకటి తేలేదాకా నేనూ ఎక్కను."

ఆమె ఏదో అనబోయింది. "నీ కోసం కాదులే" అన్నాడాయన, ఆమె వైపు చూడకుండానే. "నా మోకాళ్ళ కోసం."

రెండు క్రేన్లకూ లిఫ్టులు పెట్టించడానికి పైవాళ్ళు ఒప్పుకునేసరికి ఎండాకాలమంతా పట్టింది. అందాకా ఆమె కింద బాబాయి పక్కన నిలబడి సిగ్నల్ పని చేసింది. ఆమె కుర్చీలో తాత్కాలికంగా కూర్చున్నవాడు బరువును కాస్త విసురుగా తిప్పితే ఆమె చేతులు గాల్లో లీవర్లు వెతుక్కునేవి. "ఓర్చుకో తల్లీ" అనేవాడు బాబాయి. ఓర్చుకుంది. సాయంత్రాలు ఇంటికి నడిచే వెళ్ళింది. భర్త రొట్టెలో ఉప్పు తగ్గించాడు. ఆమె తిట్టుకుంటూనే తింది.

కొత్త సైటులో కొత్త క్రేన్ నిలబడింది. స్తంభం పక్కన ఒక మనిషి పట్టే ఇనుప పెట్టె, పట్టాల మీద పైకీ కిందికీ పోయేది. మొదటిరోజు ఆమె అందులో నిలబడి మీట నొక్కినప్పుడు కింద బాబాయి, పనివాళ్ళు చాలామంది తలలెత్తి చూశారు. పైన గది తలుపు తీసింది. కుర్చీని తన కాళ్ళకు అందేలా ముందుకు జరుపుకుంది. లీవర్ల మీద చేతులు వేసి, కాసేపు ఊరికే కూర్చుంది.

"పిచ్చుకక్కా, చువ్వల కట్ట సిద్ధం" అన్నాడు బాబాయి. ఎన్నడూ లేంది అక్కా అన్నాడు.

ఒక కట్ట ఎత్తింది. ఇంకోటి ఎత్తింది. మూడోది దించుతుండగా గాలి లేచింది. గదిలో గాలిని కొలిచే ముల్లు ఎర్రగీత దాటింది. రూలు రూలే. కొక్కెం ఖాళీ చేసి, గాలి ఎటు తోస్తే అటు తిరగడానికి క్రేన్ చెయ్యిని వదిలేసి, లిఫ్టులో కిందికి వచ్చేసింది. సాయంత్రందాకా గాలి తగ్గలేదు. ఆమె మొహం మాడ్చుకుని, సిమెంటు బస్తాల చాటున కూర్చుని భోజనం డబ్బా ఖాళీ చేసింది.

ఇంట్లో భర్త గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "ఎలా ఉంది? నొప్పేమైనా..."

"నొప్పీ లేదు, గిప్పీ లేదు. దిక్కుమాలిన గాలి. ఎత్తింది మూడంటే మూడే కట్టలు."

"పోన్లే. మొదటిరోజేగా."

ఆమె రాత్రి మాత్రలు వేసుకుని, నీళ్ళ సీసా నింపి సంచీలో పెట్టుకుంది. "రేపు పొద్దుటికి గాలి తగ్గుతుందట" అంది, అలారం పెట్టుకుంటూ. "నన్ను కాస్త ముందే లేపు."